ఒక్క నోటి మాట

జూన్ 3

బుల్లీ,

ఉత్తరం చూడగానే గుండె పట్టుకోకు. పడాల్సిన కంగారంతా మేమే పడేశాం, నీ వాటాకి ఏమీ మిగల్లేదు.

మీ అన్నయ్య ఫోన్‌లో నీతో "చిన్న దెబ్బే" అన్నారు కదా, అది పచ్చి అబద్ధం. తొడ ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి లోపల కడ్డీ వేశారు. ఇన్నేళ్లపాటు రేవులో, మబ్బుల పక్కన క్రేను గదిలో కూర్చుని, ఓడల్లోకి లారీలంత పెట్టెల్ని దించిన మనిషి, అటక మీంచి ఒక సూట్‌కేసు దించబోయి ప్లాస్టిక్ స్టూలు మీంచి పడ్డారు. "నేను పడలేదే, స్టూలు జారింది" అని ఇప్పటికీ వాదన. స్టూలుకి గీత కూడా పడలేదు. ఇంతకీ ఆ సూట్‌కేసు తెరిచి చూస్తే లోపల ఇంకో చిన్న సూట్‌కేసు ఉంది, దాన్లో ఏమీ లేదు.

అసలు సంగతికి వస్తాను. ఎముక అతుక్కుంటోందట. కానీ కాలు కింద మోపి నడవకపోతే మోకాలు బిగుసుకుపోతుందని, ఒకసారి బిగుసుకుంటే ఇక తన చేతిలో ఏమీ ఉండదని, ఆ పైన జీవితమంతా చక్రాల కుర్చీయేనని డాక్టరు నా మొహం మీదే చెప్పాడు. ఈయనేమో కాలు కింద పెట్టరు. వాకర్ తెచ్చి మంచం పక్కన నిలబెట్టాం, దాని మీద తువ్వాలు ఆరేసుకుంటున్నారు. వ్యాయామం చేయించే అమ్మాయి వచ్చి బతిమాలింది. మన అమ్మాయి ఏడ్చింది. అల్లుడు ఉపన్యాసం ఇచ్చాడు. మేడ మీద ఇంటివాళ్లావిడ వచ్చి, వాళ్ల బాబాయి ఇలాగే మొండికేసి ఎలా పోయాడో వివరంగా చెప్పి వెళ్లింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావేమో. ఫోన్ ఆయన దిండు కింద ఉంటుంది. నేను బయటికి తీసుకెళ్తే "ఎవరితో? ఏంటి? నా గురించేనా?" అని కేకలు. అందుకే మిషను మీద కాగితం పెట్టుకుని, గుడ్డ కుడుతున్నట్టు నటిస్తూ నీకు రాస్తున్నాను. నువ్వు మనుషుల్ని మళ్లీ నడిపించే ఆస్పత్రిలోనే కదా పని చేస్తావు. అక్కడ వాళ్లకి ఏం చెబుతారు, ఎలా చెబుతారు? నాకు అదొక్కటి రాయి.

నా తెలివి ఎలా ఉందంటే, నిన్న బడిపిల్లాడి చొక్కాకి రెండూ ఎడమ చేతులే కుట్టాను. వాళ్లమ్మ తొడిగి చూసి, "ఏమ్మా, మావాడేమైనా వంకరగా ఉన్నాడా?" అంది.

కళ్లు కాయలు కాసేలా ఎదురుచూసే
నీ వదిన


జూన్ 12

వదినా,

నీ ఉత్తరం ఇక్కడి బట్టల గదిలో, ఉతికొచ్చిన దుప్పట్ల గుట్ట వెనక నక్కి చదివాను. అన్నయ్య కాలు దగ్గర ఏడ్చాను, సూట్‌కేసు దగ్గర నవ్వాను, మేడ మీదావిడ బాబాయి దగ్గర రెండూ కలిసి వచ్చాయి.

ముందు ఒక నిజం చెప్పాలి. నేనేదో మనుషుల్ని నడిపించే నిపుణురాలినని నువ్వు అనుకుంటున్నావు. ఆ గొప్ప నేనే చెప్పుకుని ఉంటాను, నా నోటికి అది మామూలే. నడిపించేవాళ్లు వేరే ఉన్నారు. వాళ్ల పక్కన నిలబడి, పేషెంటు ఒరిగితే అడ్డంగా ఉండటం నా పని. దిండు కూడా ఈ పని చేస్తుంది, కాకపోతే దిండుకి యూనిఫారం ఇవ్వరు.

అయితే ఏం చెబుతారో మాత్రం రోజూ వింటాను. ఇక్కడి పేషెంట్లది తలా ఒక భాష, కలిసేది ఇంగ్లీషులో. ఆ ఇంగ్లీషు మనం బళ్లో చదివింది కాదే తల్లీ! నేను బట్టీ పట్టిన పెద్ద పెద్ద మాటలు ఒక్కటీ అక్కరకి రాలేదు. రోజంతా గుప్పెడు చిన్న మాటలతోనే గడిచిపోతుంది. గెట్, పుట్, టేక్, లెట్, హోల్డ్, బ్రింగ్. ఒంటరిగా ఉంటే పాపం నోట్లో వేలు పెట్టినా కొరకవు. వెనక అప్పో, డౌనో, ఆనో, ఆఫో ఒక తోక తగిలిందంటే మాత్రం గుర్తు పట్టలేం. పుట్ అంటే పెట్టు. పుట్ ఆన్ అంటే తొడుక్కో, పుట్ ఆఫ్ అంటే వాయిదా వెయ్యి, పుట్ అవుట్ అంటే ఆర్పెయ్యి. పుట్ అప్ విత్ అంటే భరించు. దానికి రెండు తోకలు, ఒక్క తోకతో భరించడం ఎవరి వల్లా కాదు కాబట్టి. అన్నయ్యతో నువ్వు ఇన్నేళ్లుగా చేస్తున్నది అదే.

పైగా మాటకీ తోకకీ మధ్యలో ఇట్టో, హిమ్మో ఒకటి ఇరికించాలి. మనం "తీసెయ్" అంటే చాలు, దేన్నో ఎదుటివాడే చూసుకుంటాడు. ఇంగ్లీషులో అలా కుదరదు. టేక్ ఇట్ ఆఫ్. ఆ "దాన్ని" అనే ముక్క లేకపోతే వీళ్లకి చెయ్యాడదు.

నేను చేరిన కొత్తలో నర్సమ్మ ఒక ముసలాయన్ని చూపించి "లుక్ ఆఫ్టర్ హిమ్" అంది. ఆఫ్టర్ అంటే తర్వాత, వెనక అని కదా! ఆయన వెనక్కి వెళ్లి చూశాను. వీపు తప్ప ఏమీ కనపడలేదు. ఏదైనా పుండు ఉందేమోనని చొక్కా కూడా ఎత్తి చూశాను. ఆయన్ని జాగ్రత్తగా చూసుకోమని అర్థమని సాయంత్రం తెలిసింది. ఆయన ఇప్పటికీ నన్ను చూస్తే గోడకి ఆనుకుంటాడు.

సరే, నీ ప్రశ్న. అన్నయ్య తెలుగులో చెబితే ఎప్పుడు విన్నాడు చెప్పు? అమ్మ మాట వినలేదు, నాన్న మాట వినలేదు. కానీ చిన్నప్పుడు నేను రేవుకి క్యారేజీ తీసుకెళ్లినప్పుడు చూసేదాన్ని. కింద సరుకు ఎటు కదలాలో చెప్పే సైగలాయన నిలబడి మైకులో "లెట్ ఇట్ డౌన్... హోల్డ్ ఇట్... బ్రింగ్ ఇట్ ఇన్" అంటుంటే, పైన అన్నయ్య ఎంత బుద్ధిగా వినేవాడో! అంత పెద్ద పెట్టె గుడ్డు దించినట్టు దిగేది. అన్నయ్యకి వచ్చిన ఇంగ్లీషంతా అదే, అన్నయ్య జీవితంలో విన్న మాటలూ అవే. నువ్వూ అవే చెప్పి చూడు. లిఫ్ట్ ఇట్ అప్ అంటే పైకెత్తు, బ్రింగ్ ఇట్ ఇన్ అంటే దగ్గరికి తీసుకురా, లెట్ ఇట్ డౌన్ అంటే దించు, హోల్డ్ ఇట్ అంటే అలాగే ఉంచు, గెట్ అప్ అంటే లే. ఆ "ఇట్" ఇప్పుడు అన్నయ్య కాలు. అంతే తేడా.

దిండు ఉద్యోగిని
బుల్లి


జూన్ 24

బుల్లీ,

నీ ఇంగ్లీషు బడిలో చేరాను. చాక్‌పీసుతో గుడ్డ ముక్కల మీద రాసుకుని, మిషను తొక్కుతూ బట్టీ పట్టాను. మొన్న బ్యాంకాయన కోటు కొలతలకి వచ్చాడు. చెయ్యి ఎత్తి నిలబడ్డాడు. నేను టేపు పట్టుకుని నా ధ్యాసలో "లెట్ ఇట్ డౌన్" అన్నాను. టక్కున చెయ్యి దించేశాడు. అప్పుడు నాకు ధైర్యం వచ్చింది. మాట పనిచేస్తోంది!

సాయంత్రం ఇంట్లో ఎవరూ లేని సమయం చూసి, మీ అన్నయ్య మంచం ముందు నిలబడి, గొంతు సవరించుకుని, "లిఫ్ట్ ఇట్ అప్" అన్నాను. నా వంక చూసిన చూపు నీకెలా చెప్పను! మిషను లేచి మాట్లాడినా అలా చూసి ఉండరు. "ఎవరు నేర్పారే?" అన్నారు. "కస్టమర్లు" అన్నాను. నవ్వారు. పడ్డాక అదే మొదటి నవ్వు. నవ్వుతూనే కాలు ఎత్తారు! "బ్రింగ్ ఇట్ ఇన్" అంటే మంచం అంచుకి తెచ్చారు. "లెట్ ఇట్ డౌన్" అన్నాను. కాలు నేల మీద పెట్టారు బుల్లీ. బొటనవేలు, తర్వాత పాదం మొత్తం. నేను కింద పడకుండా వాకర్ పట్టుకుని నిలబడ్డాను. దాన్ని వాడిన మొదటి మనిషిని నేనే.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. వంటింటి గడప చూపించి, అది దాటాలి కదా అని నా సొంత తెలివితో "గెట్ ఓవర్ ఇట్" అన్నాను. అప్పుడే లోపలికి వస్తున్న అల్లుడు పగలబడి నవ్వాడు. ఆ మాటకి అర్థం "ఏడ్చింది చాల్లే, దులిపేసుకో" అనట. పప్పులో కాలేశాను. అమ్మాయి పరిగెత్తుకొచ్చింది. "నాన్నా, నెమ్మదిగా!" అంటుంది ఇది. "మావయ్యా, స్టెప్ ఫార్వర్డ్!" అంటాడు అతను. మేడ మీదావిడ కిందికి దిగొచ్చి మా కిటికీలోంచి "ముందు మంచి కాలు, ముందు మంచి కాలు!" అని అరుస్తోంది. ఈయన అందరినీ ఒకసారి చూసి, కాలు మళ్లీ మంచం మీదికి తీసుకున్నారు. "ఎంతమందే!" అని గోడవైపు తిరిగారు.

నేను ఆ మాట అన్నందుకే నొచ్చుకున్నారని నా అనుమానం. అల్లుడి ముందు దులిపేసుకోమన్నానుగా. ఇంకొంచెం మెత్తని మాటలుంటే రాయి. గట్టివి నా దగ్గర తెలుగులో బోలెడున్నాయి.

గడప దగ్గర బోల్తా పడిన
నీ వదిన


జూలై 4

వదినా,

కాలు కింద పెట్టాడా! నేను బట్టల గదిలో గంతులేశాను. పెద్ద నర్సు వచ్చి తలుపు తీసి చూసి, ఏమీ అనకుండా తలుపు వేసేసింది.

నీ మాటల్లో ఏ తప్పూ లేదు. అన్నయ్య అంత సున్నితమైనవాడు కాదు, చిన్నప్పుడు నేను వాడి వీపు మీద ఇటుక వేస్తే, ఎవరో తట్టారనుకుని తిరిగి చూశాడు. రేవులో అంత జనం మధ్య పని చేసినవాడు ఇంట్లో నలుగురిని చూసి బెదిరాడంటే నేను నమ్మను. నలుగురు చాలక అలిగాడు. ఇక్కడ మా దగ్గర పేషెంటు లేచి నిలబడితే వార్డు వార్డంతా చప్పట్లు కొడతాం. వాళ్ల మొహాలు వెలిగిపోతాయి. నువ్వూ అందరినీ పిలువు. వ్యాయామం అమ్మాయిని, అమ్మాయిని, అల్లుణ్ని, మేడ మీదావిడని. తలా ఒక మాటతో హుషారు చెయ్యండి, చప్పట్లు కొట్టండి. ఎలా పరిగెత్తుతాడో చూడు!

నా సలహాల విలువ తెలియాలంటే ఈ వారం సంగతి విను. ఒక పెద్దాయన కమ్మీలు పట్టుకుని నడుస్తున్నాడు. అవతలి పక్క ఇంకో అటెండరు ఆయన నడుం బెల్టు పట్టుకుని ఉన్నాడు. ఆయన బాగానే నడుస్తున్నాడు, ఇక ఆయన్ని వదిలెయ్ అని అటెండరుకి చెబుదామనుకున్నాను. లెట్ హిమ్ గో అనాలి. మన అలవాటు పోదుగా, మధ్యలో "ఆయన్ని" మింగేసి "లెట్ గో!" అని అరిచాను. అటెండరు కదల్లేదు. పెద్దాయన విన్నాడు. నేను చెప్పింది తనకేననుకుని రెండు చేతులూ కమ్మీల మీంచి వదిలేసి నా మీద పడ్డాడు. ఆయనకి గీత కూడా పడలేదు, నాకు నుదుటి మీద బొప్పి. పెద్ద నర్సు ఐసు తెచ్చి పెడుతూ, "హిమ్ చాలా చిన్న మాట, ఈసారి వాడుకో, ఖర్చు కాదు" అంది.

చప్పట్లు మర్చిపోకండి.

బొప్పి కట్టిన
బుల్లి


జూలై 15

బుల్లీ,

నీ చప్పట్లు కొట్టాం.

ఆదివారం అందరినీ పిలిచాను. గదిలో నిలబడ్డానికి చోటు లేక అల్లుడు మంచం తలగడ వైపు ఎక్కాడు. నేను మాట చెప్పగానే మీ అన్నయ్య లేచారు. నిజంగా లేచారు, వాకర్ పట్టుకుని రెండు కాళ్ల మీదా నిలబడ్డారు. అందరం ఒక్కసారిగా చప్పట్లు. అమ్మాయి "రా నాన్నా" అంటుంది, వ్యాయామం అమ్మాయి "నడుం నిటారుగా" అంటుంది, అల్లుడు "కీప్ గోయింగ్" అంటాడు, మేడ మీదావిడ మంచి కాలు అంటుంది, నేను నీ ఇంగ్లీషంతా కలిపి ఒలకబోశాను. ఈయన గది మధ్యలో రాయిలా నిలబడిపోయారు. ముందుకి రారు, వెనక్కి పోరు. కాళ్లు వణకడం మొదలయ్యాయి, చెమటలు పట్టాయి. చివరికి కుర్చీ తోసి కూలబెట్టాం. కూర్చోగానే వాకర్ మీంచి రెండు చేతులూ తీసేసి, ఒళ్లో కట్టుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

అందరూ వెళ్లాక నాకు ఒళ్లు మండింది. "రేవులో మగాడివి, ఇంట్లో పిరికివాడివి" అన్నాను. ఏకవచనంలో అన్నాను బుల్లీ, పెళ్లయ్యాక మొదటిసారి. దానికీ పలకలేదు. పలికి నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

నిన్న డాక్టరు మోకాలు వంచి చూశాడు. కొంచెమే వంగింది. "వచ్చే నెల మళ్లీ చూస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే కుర్చీ కొనుక్కోండి, నన్ను అడగొద్దు" అన్నాడు. ఇంటికొచ్చి, మిషను ముందు కూర్చుని, ఎవరిదో కొత్త చొక్కా మొహాన పెట్టుకుని ఏడ్చాను. తర్వాత దాన్ని ఉతికి ఇస్త్రీ చెయ్యాల్సి వచ్చింది. కొత్త చొక్కా ఉతికి ఇచ్చిన టైలరు ఈ ఊళ్లో నేనొక్కదాన్నే.

నాకు భయంగా ఉంది. కుర్చీ అంటే భయం కాదు, తోస్తాను, ఎంత దూరమైనా తోస్తాను. ఆయన అలా కిటికీ వంక చూస్తూ ఉండిపోతారేమోనని భయం. నీ మాటలూ వద్దు, తోకలూ వద్దు. ఇక రాయకు.

వదిన


జూలై 24

వదినా,

రాయకన్నావు కాబట్టి రాస్తున్నాను. మన ఇంట్లో మాట వినే అలవాటు ఎవరికీ లేదు.

తిట్టు. నాకు తగిన శాస్తే. దిండు సలహాలివ్వడం మొదలుపెడితే ఇలాగే అవుతుంది. కానీ నీ ఉత్తరంలో ఒక్క ముక్క దగ్గర నేను ఆగిపోయాను. చేతులు తీసేసి ఒళ్లో కట్టుకున్నాడు అని రాశావే, అన్నయ్య అలా కూర్చోవడం నేను ఇంతకు ముందు చూశాను.

నేను క్యారేజీ తీసుకెళ్లిన ఒక మధ్యాహ్నం, ఓడ కడుపులోకి పెద్ద యంత్రం దించుతున్నారు. కింద సైగలాయన చెబుతున్నాడు, పైన అన్నయ్య దించుతున్నాడు. ఇంతలో ఎవరో ఆఫీసరు కారు దిగి వచ్చి, తనూ అరవడం మొదలుపెట్టాడు, ఇటు తిప్పు, అటు దించు అని. ఆయన్ని చూసి ఇంకో ఇద్దరు. యంత్రం గాల్లో ఆగిపోయింది. పైకి చూస్తే గాజు గదిలో అన్నయ్య మీటల మీంచి రెండు చేతులూ తీసేసి, ఒళ్లో కట్టుకుని, సముద్రం వంక చూస్తూ కూర్చున్నాడు! ఆఫీసరు ఎర్రబడిపోయాడు. నేను పొగరనుకున్నాను. సాయంత్రం అడిగితే అన్నయ్య చెప్పాడు: "క్రేను మనిషికి ఒక్క నోరే చెప్పాలే బుల్లీ. ఆగమని ఎవరైనా అనొచ్చు, దారిన పోయేవాడు అన్నా ఆగాలి. కదలమని మాత్రం ఒక్కడే చెప్పాలి. రెండు నోళ్లు వినపడ్డాయంటే చేతులు తీసెయ్యాలి, లేకపోతే కింద ఎవడో చస్తాడు."

నేను ఆ ఇంగ్లీషు మాటలు గుర్తుపెట్టుకుని ఈ సంగతి మర్చిపోయాను చూడు! మాటల్లో ఏముంది వదినా, ఎన్ని నోళ్లు చెబుతున్నాయన్నదే అసలు విషయం. అన్నయ్య మొండితనం చెయ్యలేదు. పిరికితనం అంతకన్నా కాదు. ఇంతమంది ఇన్ని చెబుతుంటే, ఆ కాలు, ఆ ఒళ్లు గాల్లో వేలాడుతున్న సరుకులా అనిపించి, తనకి తెలిసిన ఒకే ఒక్క జాగ్రత్త తీసుకున్నాడు. దాని మీద నేను చప్పట్లు కొట్టించాను!

ఇంకొకటి. ఓడ కడుపులోకి దించేటప్పుడు అన్నయ్యకి సరుకు కనపడదు. సైగలాయన కళ్లే అన్నయ్య కళ్లు. ఇప్పుడు కూడా వాకర్ మీద వంగితే తన పాదం ఎక్కడ పడుతోందో తనకి తెలియదు. ఎవరో ఒకరు ఎదురుగా నిలబడి, ఆ పాదం మీద నుంచి చూపు తిప్పకుండా, చెబుతూ ఉండాలి. ఒకే ఒక్కరు. అది నువ్వే. మిగతావాళ్లందరినీ బయటికి పంపెయ్. అవసరమైతే మేడ మీదావిడ తొంగిచూసే కిటికీకి పరదా కుట్టు.

అన్నట్టు నా బొప్పి తగ్గింది, నీ కోపం తగ్గిందో లేదో రాయి.

తల దించుకుని
బుల్లి


ఆగస్టు 17

బుల్లీ,

ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే నువ్వు చివరి దాకా ఊపిరి బిగపట్టి చదువుతావు, నీకు ఆయాసం. డాక్టరు మోకాలు చూశాడు. వంగుతోంది. కుర్చీ మాట మళ్లీ ఎత్తలేదు. "ఏం చేశారు?" అన్నాడు. "అందరం నోరు మూసుకున్నాం" అన్నాను. అతనికి అర్థం కాలేదు, చీటీ మీద ఏదో రాసుకున్నాడు.

నీ ఉత్తరం వచ్చిన రోజు మంచం పక్కన కూర్చుని, "పిరికి అన్నాను, తప్పయింది" అన్నాను. "ఏకవచనం బాగుంది, అదలా ఉంచు" అన్నారు. ఆ మనిషితో గొడవ పడటం కూడా కుదరదు. అప్పుడు నీ ఉత్తరంలోది అడిగాను, ఒక్క నోరు సంగతి. "మరి ఎవరి మాట వినమంటావే? ఇంటినిండా సైగలాయనలే. అలా చెప్పుకుంటే వినేవాళ్లు ఎవరు? మొండి అన్నారు, సరే మొండే అనుకోనీ అనుకున్నాను" అన్నారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయనకి కాదులే, నాకు. ఆయనకి కూడా.

మర్నాటి నుంచి నేనే సైగలాయన. అమ్మాయినీ అల్లుణ్నీ ఆ సమయానికి రావద్దన్నాను. మేడ మీదావిడకి జాకెట్లు కుడతానని చెప్పి, గుడ్డ కొనుక్కురమ్మని బజారుకి పంపాను. వ్యాయామం అమ్మాయి ఏం చేయించాలో నాకు చెబుతుంది, నేను ఆయనకి చెబుతాను, తను గుమ్మం అవతల కూర్చుంటుంది. నేను ఎదురుగా నిలబడి, ఆయన పాదం చూస్తూ, వెనక్కి వెనక్కి నడుస్తాను. లిఫ్ట్ ఇట్ అప్. బ్రింగ్ ఇట్ ఇన్. లెట్ ఇట్ డౌన్. హోల్డ్ ఇట్. ఆయన వంచిన తల ఎత్తరు, నా గొంతు వింటారు, అంతే. మొదటి రోజు మంచం నుంచి బల్ల దాకా. తర్వాత వంటిల్లు. గడప దగ్గర గెట్ ఓవర్ ఇట్ అనే ధైర్యం చెయ్యలేదు, చేత్తో చూపించాను.

ఒక రోజు ఆయన కాలే చూస్తూ వెనక్కి నడుస్తున్నాను. "స్టాప్!" అని అరిచారు. తిరిగి చూస్తే నా వెనకే మిషను, ఇంకో అడుగు వేసి ఉంటే దాని మీదే కూలబడేదాన్ని. "ఆగమని ఎవరైనా అనొచ్చు" అన్నారు, అదేదో పెద్ద పదవి ఇచ్చినట్టు. ఇద్దరం అలాగే నిలబడి నవ్వుకున్నాం. ఆయన నవ్వుకి వాకర్ గడగడలాడింది, నేను మళ్లీ హోల్డ్ ఇట్ అనాల్సి వచ్చింది.

ఇప్పుడు అసలు విషయం. నిన్న వీధి గుమ్మం దాకా వచ్చాం. గుమ్మం అవతల ఒక మెట్టు, దాని కింద వీధి. నేను ముందు దిగి, వీధిలో నిలబడి, పైకి చూశాను. నువ్వు నేర్పిన మాటలు ఇంట్లోకే సరిపోయాయి బుల్లీ. మెట్టు దిగడానికి ఏమనాలో నాకు తెలియదు. డౌనా, ఆఫా, అవుటా? నోట్లో ఒక్కటీ లేదు. వీధిలో జనం వెళ్తున్నారు, ఎవరో స్కూటరు హారన్ కొట్టారు. మీ అన్నయ్య గుమ్మంలో వాకర్ పట్టుకుని, ఒక కాలు ఎత్తి, నా మాట కోసం చూస్తున్నారు. "చెప్పు" అన్నారు.

నాకు భయం వేసింది. ఆయన దిగలేరేమోనని కాదు. నేను పిలిస్తే దిగుతారు, దిగి ఒరిగితే ఆ బరువు నేను ఆపగలనా అని. పక్కన ఎవరూ లేరు, అందరినీ నేనే పంపేశాను. చేతులు చాపాను.

"రండి" అన్నాను.

వచ్చారు. పట్టుకున్నాను.

నీ వదిన